పల్లీ గేటు దాటింది

జగ్గయ్యపేట,
ఏప్రిల్ 7.

తబ్బూ,

ఈ పొద్దున మా గేటు గడియ తడిగా ఉంది. మంచు కాదు. ఏప్రిల్‌లో మంచెక్కడిది? గేటు మిగతా అంతా పొడిగా, అప్పుడే వెచ్చగా ఉంది. గడియ ఒక్కటే తడి. వేలితో తుడిచి, అదేమిటో తెలియక చూస్తూ నిలబడ్డాను. అప్పుడు గమనించాను, పల్లీ ఇంట్లో లేదని.

పల్లీ సంగతి నీకు రాయలేదు. కుక్క. నాన్న కొట్లో పెయింటు డబ్బాలు దింపిన లారీ వాళ్ళు కోదాడ నుంచి తెచ్చి ఇచ్చారు. గోధుమ రంగు. ఒక చెవి నిలబడి ఉంటుంది, ఇంకొకటి వాలిపోయి ఉంటుంది. మనం వేరుశనక్కాయ అంటాం గానీ, అది కోదాడది కదా, అందుకని పల్లీ అని పిలుస్తున్నాను. నేను చదువుకుంటుంటే నా పాదం మీద గడ్డం ఆనించి పడుకుంటుంది. ఇంతకంటే ఎక్కువ రాస్తే నువ్వు నవ్వుతావు.

ఎలా వెళ్తుందో తెలియదు. గేటు వేసే ఉంటుంది, వెనక తుమ్మకంప ఉంది. అయినా రోజు మార్చి రోజు మాయమవుతుంది. పది గంటలకి ఏమీ ఎరగనట్టు వచ్చి నీళ్ళు తాగుతుంది. గొలుసు వేసి చూశాం. రెండు రోజులు అన్నం ముట్టలేదు. తాళం వేద్దామంటే మేడ మీద అద్దెకున్న వాళ్ళు పొద్దస్తమానం వస్తూ పోతూ ఉంటారు.

ఎదురు ఖాళీ స్థలంలో దశరథరామయ్య గారు మిరపకాయలు ఆరబోశారు. పల్లీ వాటి మీదుగా పరిగెత్తిందట. గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"అమ్మాయ్, నా కాయల మీద అడుగులు చూడు. రేపు మిర్చి యార్డులో కొనేవాడు కాయ చూస్తాడా, కుక్క కాలు చూస్తాడా?"

నేను తల వంచుకున్నాను.

"మీ గడియ చప్పుడు రోడ్డవతలున్న నాకే వినపడింది. నువ్వు పక్కనే కుర్చీ వేసుక్కూచున్నావు. వినపడలేదూ?"

చేతిలో పుస్తకం చూపించాను. ఆయన పుస్తకాన్ని చూసి, నన్ను చూసి, వెళ్ళిపోయారు. నాన్నకి చెప్పారు.

నాన్న కోప్పడలేదు. కానీ తేల్చి చెప్పేశారు. నెలాఖరుకి చందర్లపాడు నుంచి కిషోర్‌బాబు మామయ్య మామిడికాయల బండి వస్తుంది. ఈలోగా పల్లీ ఇంటిపట్టున ఉండటం నేర్చుకోకపోతే ఆ బండిలో తోటకి వెళ్ళిపోతుంది. అక్కడ కాపలా కుక్కలకి పగలంతా గొలుసే. నేను చూశాను.

ఏదైనా ఉపాయం చెప్పు. ఫోన్ చేయకు. ఫోన్ చెవిన పెట్టుకుంటే ఇంట్లో ఎవరు పిలిచినా నాకు తెలియదు, తర్వాత తిట్లు. స్కూల్లో శుక్రవారాల్లో సిస్టర్ మన చేత రాయించినట్టు ఉత్తరమే రాయి. మీ ఆయన జాకీర్ గారి బ్రెడ్డు బండిలో పంపితే మలుపు దగ్గర జయరాజ్ కొట్లో అమ్మ తీసుకుంటుంది.

లహరి


నందిగామ,
ఏప్రిల్ 10.

ఒసేయ్ లహరీ,

కుక్కని పెంచుతూ నాకు చెప్పలేదా! నీ పెళ్ళి కూడా ఇలాగే, పిల్లలు పుట్టాక రాస్తావేమో.

నీ ఉత్తరం బన్నుల ట్రేలో వచ్చింది, మూల మీద వెన్న మరక. చదివి ఎంత నవ్వానంటే మా అత్తమ్మ వలీబీ వంటింట్లోంచి వచ్చి "ఏమైందే నీకు" అంది. నీ పక్క నుంచి ఏనుగు నడిచెళ్ళినా నీకు తెలీదని నాకు తెలుసు. స్కూల్లో గోడ పక్క సీటు నీది, నీ కుడి పక్కన నేను. ఒక్కరోజు మార్చుకుందామంటే ఏడుపు మొహం పెట్టేదానివి. అటు కిటికీలోంచి ప్రేమకుమారి పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకునేది, నువ్వు పలికేదానివా? దీనికి పొగరే అనేది. పొగరు కాదే తల్లీ, పుస్తకంలో మునిగిపోయింది అని నేను సర్దిచెప్పేదాన్ని.

సరే, ఉపాయం. మా వీధిలో అందరి గేట్లకీ సీసాలు వేలాడుతుంటాయి, ఎర్రరంగు నీళ్ళతో. కుక్కలు ఆ దరిదాపులకి రావంట. అత్తమ్మ ఒట్టేసి చెప్పింది. అవి కుక్కలు లోపలికి రాకుండా బయటివైపు కడతారు. నీది బయటికి పోకూడదు కాబట్టి లోపలివైపు కట్టు. అంతే! ఇంత తెలివి ఎక్కడిదే నాకు?

ఇక్కడ విశేషాలు. మా ఆయనకి ఈ మధ్య శుభ్రం ముదిరింది. బండిలో ఇంకో చొక్కా పెట్టుకుని వెళ్తున్నాడు. రోజుకి రెండు చొక్కాలు ఉతకలేక చస్తున్నా. అడిగితే "ఎండ కదా, చెమట" అంటాడు. పోయినేడాది ఎండ లేదా? మామయ్యేమో కొడుకు బుద్ధిమంతుడయ్యాడని మురిసిపోతున్నాడు.

సీసాల సంగతి వెంటనే రాయి. నాకు నిద్ర పట్టదు.

నీ తబస్సుం


జగ్గయ్యపేట,
ఏప్రిల్ 15.

తబ్బూ,

సీసాలు పనిచేశాయి. చాలా బాగా పనిచేశాయి. అదే ఇబ్బంది.

పొద్దున్నే అమ్మా నేనూ ఆరు సీసాల్లో ఎర్రరంగు కలిపి గేటుకి లోపలివైపు వరసగా కట్టాం. ఎండ పడి అవి మెరుస్తుంటే నాకే కాస్త భయం వేసింది. కట్టడం పూర్తయ్యాక వెనక్కి తిరిగి పల్లీని పిలిచాను. లేదు. మేం రంగు కలుపుతున్నప్పుడే వెళ్ళిపోయినట్టుంది.

పదింటికి వచ్చింది. గేటు తీశాను. రాలేదు. సీసాలని చూసి రోడ్డు మధ్య కూలబడింది. బిస్కెట్ చూపించాను, పెరుగన్నం చూపించాను. ఒక అడుగు ముందుకి, మూడడుగులు వెనక్కి. మధ్యాహ్నం ఎండలో దశరథరామయ్య గారు నీడకి కట్టుకున్న పరదా కింద, ఆయన మిరపకాయల పక్కనే పడుకుని మా ఇంటిని చూస్తూ ఉంది. ఆయన అక్కడి నుంచి కేక వేశారు.

"అమ్మాయ్! కుక్కని బయటికి పోకుండా కట్టమంటే, లోపలికి రాకుండా కట్టావేంటి?"

మేడ మీద వాళ్ళు కూడా నవ్వారు. చివరికి సీసాలన్నీ తీసి పెరట్లో పారబోస్తే వచ్చింది. రాగానే నా పాదం మీద గడ్డం పెట్టేసింది. నాన్న భోజనానికి వచ్చేసరికి నేల ఎర్రగా ఉంది. ఏమిటని అడిగారు. అమ్మ రంగు ఒలికిందని చెప్పింది.

కానీ తబ్బూ, ఇంకో సంగతి కనిపెట్టాను! నిన్న పొద్దున పుస్తకం మూసి, కిటికీ పరదా వెనక నిలబడి చూశాను. పల్లీ చెవి ఒక్కసారిగా నిలబడింది, ఆ వాలిన చెవి కూడా. పరుగెత్తుకుంటూ గేటు దగ్గరికి వెళ్ళి, వెనక కాళ్ళ మీద లేచి, ముక్కుతో గడియని పైకి ఎత్తి, పక్కకి తోసింది. అందుకే తడి! తర్వాత కాలితో గేటు లాగి, సందులోంచి జారిపోయింది. ఒక దొంగ కూడా ఇంత నీట్‌గా చేయలేడు. నాకు కోపం రాలేదు. చప్పట్లు కొట్టబోయి ఆగాను.

గడియకి తీగ చుట్టాం. మేడ మీద వాళ్ళు విప్పుతారు, మళ్ళీ చుట్టరు. వాళ్ళతో చెప్పాలంటే నాకు నోరు రాదు.

నెలాఖరు దగ్గరికి వస్తోంది.

లహరి


నందిగామ,
ఏప్రిల్ 18.

లహరీ,

ముక్కుతోనా! అమ్మో, నీ కుక్కకి దండం.

ఆలోచించా. దానికి గేటు సందుల్లోంచి రోడ్డు కనిపిస్తోంది, అందుకే బుద్ధి పుడుతోంది. రోడ్డు కనిపించకపోతే? చందర్లపాడు రోడ్డులో మొక్కజొన్న చేలు చూశావుగా, అడవి పందులు పడకుండా చుట్టూ పాత చీరలు కడతారు. మైలు దూరం నుంచి పెళ్ళి పందిరిలా ఉంటాయి. పందినే ఆపిన చీర పల్లీని ఆపదా?

చీరల మూట పంపిస్తున్నా. అత్తమ్మ బొంతలు కుట్టించడానికి తీసి గుట్టగా పెట్టింది, సగం ఎత్తుకొచ్చేశా. "మీ అత్తమ్మకి నా దండాలు" అని రాయకు, ఆవిడకి తెలీదు. మూటలో ఏముందో మా ఆయనకీ చెప్పలేదు. ఆయన నాకు అన్నీ చెప్తున్నాడా ఏంటి?

చెప్పడం లేదు లహరీ. నిన్న ఉతకబోతూ చొక్కా దులిపితే వెంట్రుకలు. పొట్టివి. గోధుమరంగువి. నా జుట్టు నడుముదాకా ఉంది, నల్లగా ఉంది. నీకు తెలుసుగా. జగ్గయ్యపేటలో గోధుమరంగు పొట్టి జుట్టుతో ఎవత్తే తిరిగేది? నువ్వు బయటికి పోవు గానీ, మీ అమ్మని అడుగు. నవ్వుతూనే రాస్తున్నాలే. మీ ఊళ్ళో ఎడ్విన్ బేకరీలో కొత్తగా వచ్చిన క్యాషియరమ్మ జుట్టుకి రంగేస్తుందట.

చీరలు కట్టాక ఎలా ఉందో రాయి. గట్టిగా కట్టు.

తబస్సుం


జగ్గయ్యపేట,
ఏప్రిల్ 23.

తబ్బూ,

మూడు రోజులు! మూడు రోజులుగా పల్లీ ఇంట్లోనే ఉంది!

గేటుకి రెండు, ముందు గోడ మీద తీగకి నాలుగు, వెనక కంపకి మిగతావి కట్టాం. పసుపు, వంగపండు రంగు, చిలకాకుపచ్చ. గేటుకి కట్టినది ఆకుపచ్చది, జరీ అంచుది. అంత బాగున్నదాన్ని బొంతకి ఎందుకు వేశారో అనుకున్నాను. గాలికి అన్నీ ఒక్కసారి లేస్తుంటే మా ఇల్లు ఎగిరిపోయేట్టుంది.

వీధి వీధంతా వచ్చింది. మొదట జయరాజ్ వాళ్ళావిడ. "చెప్పనే లేదు, అబ్బాయి ఏ ఊరు?" అని అమ్మని అడిగింది. తర్వాత పాలవాడు, రేపు ఎన్ని లీటర్లు కావాలో కనుక్కోవడానికి. సాయంత్రం షామియానా అద్దెకిచ్చే ఆయన వచ్చి, తనని కాదని ఎవరి చేత కట్టించామని కాస్త బాధపడ్డాడు. అమ్మ ఒక్కొక్కరికీ "కుక్క కోసమండీ" అని చెప్తూనే ఉంది. ఎవరూ నమ్మలేదు. నేను లోపల మంచం మీద కూర్చుని నవ్వు ఆపుకోలేక దిండు కొరికాను.

పల్లీ గేటు దాకా వెళ్తుంది, చీరని వాసన చూస్తుంది, వెనక్కి వస్తుంది. మొక్కజొన్న చేలకి నా నమస్కారాలు. నీకు ఇంకా ఎక్కువ.

ఆ వెంట్రుకల సంగతి అమ్మని అడగలేదు. ఎలా అడగను?

లహరి


నందిగామ,
ఏప్రిల్ 25.

లహరీ,

వెంటనే చూడు. ఆకుపచ్చ చీర, జరీ అంచుది. అది బొంతకి తీసింది కాదు. అత్తమ్మ ఎండలో వేసి తెచ్చి ఆ గుట్ట మీద పెట్టిందట. వచ్చే నెల కంచికచర్లలో ఆవిడ తమ్ముడి కొడుకు పెళ్ళికి కట్టుకోవాలట. పొద్దుటి నుంచీ ఇల్లంతా తలకిందులు చేస్తోంది. నేనూ వెతుకుతున్నట్టు మంచాల కింద దూరుతున్నా.

విప్పి, మడతపెట్టి, రేపే జయరాజ్ కొట్లో ఇవ్వు. ఇంకేం రాయక్కర్లేదు.

తబస్సుం


జగ్గయ్యపేట,
ఏప్రిల్ 28.

తబ్బూ,

ఎండలు బాగా ముదిరాయి. నిన్న కరెంటు పోయి మధ్యాహ్నమంతా రాలేదు. అమ్మ మాగాయకి ముక్కలు కోసింది. నేను ఒక పెద్ద నవల మొదలుపెట్టాను, మొదటి నలభై పేజీల్లో అందరూ రైలు కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. దశరథరామయ్య గారి కాయలు సగం యార్డుకి వెళ్ళాయి, మంచి ధర వచ్చిందట.

మామయ్య బండి మే ఒకటిన వస్తుంది.

నువ్వు ఒంట్లో జాగ్రత్త.

లహరి


నందిగామ,
ఏప్రిల్ 30.

లహరికి,

చీర గురించి అడిగితే మాగాయ గురించి రాశావు. నీ అక్షరాలు ఎప్పుడూ లేనిది పక్కకి ఒరిగిపోయున్నాయి. చీర ఏమైంది?

ఇంకో మాట. ఇది నవ్వుతూ రాయట్లేదు. నిన్న మళ్ళీ వెంట్రుకలు. ఈసారి మోకాళ్ళ మీద, ప్యాంటుకి. అడిగా. తడబడ్డాడు. పెళ్ళయి రెండేళ్ళలో ఆయన తడబడటం నేను చూడలేదు. "బండి లోపల శుభ్రం చేస్తా, నువ్వు రాకు" అన్నాడు. ఎప్పుడూ నేనేగా తుడిచేది! రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. మా అమ్మకి చెప్పలేను, ఇక్కడ ఎవరికీ చెప్పలేను. నీకు తప్ప.

నువ్వు కూడా దాస్తే నేనెవరితో మాట్లాడాలి?

తబస్సుం


జగ్గయ్యపేట,
మే 2.

తబ్బూ,

ఆవిడ పేరు పల్లీ.

జాకీర్ గారు నీకు తనే చెప్తానన్నారు. నా ఉత్తరం నీ చేతికి ఇచ్చాకే చెప్పమన్నాను, అందుకే తెల్లవారకముందే రాస్తున్నాను. ముందు అన్నం తిను. తర్వాత చదువు.

చీర సంగతి. ఇరవై నాలుగో తారీకున పల్లీ ఆకుపచ్చ చీరని పళ్ళతో పట్టి గేటు మీంచి లాగేసి, దాంతో సహా వెళ్ళిపోయింది. పదింటికి వచ్చింది, చీర లేదు. సందు సందంతా వెతికాను, అంటే మా గుమ్మం నుంచి మలుపు దాకా. ఆ తర్వాత వెళ్ళడానికి నాకు ధైర్యం చాలలేదు. నాన్నకి చెప్తే పల్లీని పంపేస్తారు. నీకు చెప్తే నువ్వు ఏడుస్తావు. అందుకే మాగాయ గురించి రాశాను.

నిన్న పొద్దున మామయ్య బండి వచ్చేసింది. బజార్లో మామిడికాయలు దింపేసి, ఖాళీ బండి మా గేటు ముందు ఆపారు. చేతిలో కొత్త తాడు. అమ్మ పల్లీకి పెరుగన్నం పెట్టింది, అది తినలేదు. నేను దాని మెడ పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. మామయ్య నెమ్మదిగానే అన్నారు, "లహరీ, అక్కడ నీడ ఉంటుందే, నీళ్ళుంటాయి, నువ్వు వచ్చి చూసుకోవచ్చు." తాడు ముడి వేయడానికి వంగారు.

అప్పుడు పల్లీ చెవులు రెండూ నిలబడ్డాయి.

ఎక్కడో హారన్. రెండు పొట్టివి, ఒక పొడుగు. పల్లీ నా చేతుల్లోంచి సబ్బులా జారిపోయింది. మామయ్య కాళ్ళ మధ్య నుంచి, తెరిచి ఉన్న గేట్లోంచి, మిగిలిన మిరపకాయల మీదుగా, మలుపు తిరిగి మాయం.

నేను చెప్పులు వేసుకోలేదు. ఆ విషయం బజార్లో గుర్తొచ్చింది.

మలుపు దాకా పరిగెత్తి "పల్లీ" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను. మూడోసారి అరిచాను. తబ్బూ, అరిచాను! "పల్లీ! పల్లీ!" ఒకావిడ గిన్నె పట్టుకుని బయటికి వచ్చి, "కిలో ఎంతమ్మా? వేయించినవా, పచ్చివా?" అంది. సమాధానం చెప్పడానికి టైం లేదు.

మూడు సందులు కలిసే చోట ఆగిపోయాను. హారన్ మళ్ళీ వినపడింది. ఎటువైపు నుంచో తెలియలేదు. అక్కడే చుట్టూ తిరుగుతున్నాను. వెనకాల టీవీఎస్ బండి వచ్చి ఆగింది. దశరథరామయ్య గారు! తిట్టడానికి వచ్చారనుకున్నాను.

"ఎక్కమ్మాయ్!"

"కాయలు తొక్కిందండీ..."

"కాయల సంగతి తర్వాత. ఎక్కు. అటు చూస్తావేంటి, హారన్ ఇటు గదా!"

ఎక్కాను. ముందు మిరపకాయల బస్తా, వెనక నేను. ఆయన తుమ్ముతున్నారు, నేను అరుస్తున్నాను. బస్టాండు దగ్గర నందిగామ బస్సుకి అడ్డంగా పోనిచ్చారు. డ్రైవరు ఏదో అన్నాడు. ఈయన అంతకంటే పెద్దది అన్నారు. దాన్ని నేను రాయలేను. ఆగిన ప్రతిచోటా ఎవరో ఒకరు, "బ్రెడ్డు బండి కుక్కా? ఇప్పుడే అటెళ్ళింది" అని చెప్పారు. ఊరందరికీ తెలుసు, తబ్బూ! నాకు తప్ప.

బజార్లో టీ కొట్టు ముందు మీ బండి ఆగి ఉంది. ముందు సీట్లో, కిటికీలోంచి తల బయటికి పెట్టి, టికెట్ కొనుక్కున్న మనిషిలా పల్లీ. పక్కన మీ ఆయన బన్ను ముక్క తుంచి పెడుతున్నారు.

"అది నా కుక్కండీ!" అన్నాను. ఊపిరాడక అది కూడా అరుపులాగే వచ్చింది.

ఆయన లేచి నిలబడ్డారు. "జయరాజ్ కుక్క కదండీ?"

"కాదండీ."

"అయ్యో! రెండు నెలలుగా వాళ్ళ కొట్టు దగ్గరే ఎక్కుతోంది, తిరిగొచ్చేటప్పుడు అక్కడే దిగుతోంది. వాళ్ళదే అనుకున్నా. మీరు... లహరి గారా? తబస్సుం ఫ్రెండు?"

తర్వాత జయరాజ్‌ని అడిగితే ఆయన, "నేను జాకీర్ కుక్క అనుకున్నానే, ఎంత ప్రేమగా చూసుకుంటున్నాడో అని మా ఆవిడతో కూడా అన్నా" అన్నాడు.

మీ ఆయన సీటు కింద నుంచి ఒక సంచి తీశారు. అందులో చీర. "ఇది పోయినవారం నోట్లో పట్టుకుని ఎక్కిందండీ. విప్పి చూస్తే మా అమ్మది! మా అమ్మ చీర జగ్గయ్యపేటలో కుక్కకి ఎలా దొరికిందా అని నాకు వారం నుంచీ పిచ్చెక్కుతోంది. ఇంట్లో అడుగుదామంటే కుక్క సంగతి చెప్పాలి. బ్రెడ్డు బండిలో కుక్కని ఎక్కించానంటే మా నాన్న నన్ను దింపేస్తాడు. అందుకే చొక్కా కూడా మార్చుకుంటున్నా." చిన్నప్పటి నుంచీ ఆయనకి కుక్కని పెంచుకోవాలని ఉండేదట. నీకు తెలుసా ఈ సంగతి?

అప్పటికి నాన్న పెయింటు కొట్టు మెట్లు దిగి వచ్చారు. చేతికి పచ్చరంగు. నా కాళ్ళ వంక చూశారు, పల్లీని చూశారు. వెనకే మామయ్య తాడుతో వచ్చారు. నాన్న ఆయనతో అన్నారు, "కిషోరూ, నువ్వు బయల్దేరు. కుక్క రాదు."

"బావా, మళ్ళీ పోతుంది ఇది."

"పోనీ. లహరి మళ్ళీ పిలుస్తుందిలే. టీచరు ఉద్యోగానికి వెళ్తే, స్కూలు డెమో క్లాసులో దీని గొంతు చివరి బెంచీకి వినపడలేదని వెనక్కి పంపారు. ఇవాళ కొట్లో కూర్చున్న నాకు బస్టాండు నుంచి వినపడింది."

నాకు ఏడుపొచ్చింది. దశరథరామయ్య గారు తుమ్మారు.

చీర అంచు జానెడు చిరిగింది. జాకీర్ గారి చేతే పంపుతున్నాను. తిట్లు ఏమైనా ఉంటే నాకు రాయి, ఆయన్ని ఏమీ అనకు.

లహరి


నందిగామ,
మే 6.

ఒసేయ్ దొంగమొహమా,

అన్నం తిన్నా. రెండుసార్లు. నీ ఉత్తరం మొదటి లైను చదివి గోడకి ఆనుకుని కింద కూలబడి నవ్వా, మధ్యలో ఏడ్చా, మళ్ళీ నవ్వా. మా ఆయన గుమ్మంలో చీర సంచి పట్టుకుని బడికి ఆలస్యమైన పిల్లాడిలా నిలబడ్డాడు. "ఆవిడ బాగుందా?" అన్నా. "చాలా" అన్నాడు. బన్ను విసిరా. పట్టుకున్నాడు.

చీర తీసుకెళ్ళి అత్తమ్మ ముందు పెట్టేశా. చిరుగు చూసింది. నన్ను చూసింది. తలుపు దగ్గరగా వేసి మెల్లగా అంది, "ఎంతవరకు చిరిగింది? కట్టుకోవడానికి కుదరదుగా?" కుదరదత్తమ్మా అన్నా. "హమ్మయ్య. దీన్ని కడితే నేను డ్రమ్ములా ఉంటానే. పదేళ్ళ నుంచీ మీ మామకి చెప్పలేక చస్తున్నా, ఆయన కొన్నదని. ఎలక కొట్టిందని చెప్పు. కుక్క మాట ఎత్తకు." ఉతికి పెట్టింది. ఆదివారం కంచికచర్ల వెళ్ళి నీలంది కొనుక్కుంటుందట. నాక్కూడా ఒకటి.

కానీ మామయ్యకి కుక్క సంగతి తెలిసిపోయింది. ఊరంతా చూశాక దాగుతుందా? "నా బ్రెడ్డు బండిలో కుక్కా!" అని రెండు రోజులు కొడుకుతో మాట్లాడలేదు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది, తినే వస్తువు. ఇక పల్లీ బండెక్కకూడదు. మూడోరోజు పొద్దున మాత్రం మా మామయ్య ఖాదర్ వలి గారు స్వయంగా మాడిన బన్నులు ఏరి, వేరే సంచిలో కట్టి, ఎటో చూస్తూ, "ఆ జగ్గయ్యపేట వాళ్ళకి" అన్నారు. అంతకంటే ఆయన దిగడు.

ఇప్పుడు నా మాట విను. సీసాలూ చీరలూ నా సలహాలే, రెండూ తుస్సుమన్నాయి, అయినా విను. దానికి కావల్సింది ఆ హారన్, ఆ బన్ను, నాలుగు మొహాలు. రోజూ పొద్దున హారన్ కొట్టేసరికి నువ్వే దాన్ని తీసుకుని మలుపు దగ్గరికి వెళ్ళు. నువ్వు. అమ్మ కాదు. బన్ను తినిపించి వెనక్కి తీసుకురా. ఆ తర్వాత రోజంతా గడియ మీద ఒక చెవి వేసి ఉంచు. పక్కనే కూర్చుని ఆ చప్పుడు ఎలా వినపడదే నీకు? పుస్తకాలు అంత గట్టిగా అరుస్తాయా?

తబస్సుం


జగ్గయ్యపేట,
మే 12.

తబ్బూ,

ఆరు రోజులుగా పొద్దున మలుపు దాకా వెళ్తున్నాను. మొదటి రోజు తల వంచుకుని వెళ్ళి, తల వంచుకుని వచ్చాను. పల్లీ మాత్రం అందరినీ పలకరించింది. రెండోరోజు గిన్నె పట్టుకున్న ఆవిడ, "ఈవిడేనా మీ పల్లీ?" అని నవ్వింది. నేనూ నవ్వాను. నిన్న జయరాజ్ కొట్టు దగ్గర ఇంకో నలుగురితో నిలబడి హారన్ కోసం ఎదురుచూశాను. బండి మలుపు తిరిగేసరికి పల్లీ గంతులు వేస్తుంటే నాకూ కాళ్ళు నిలవలేదు. జాకీర్ గారు బండి దిగకుండా బన్ను విసురుతారు. అది గాల్లోనే అందుకుంటుంది. మేడ మీద వాళ్ళకి కూడా నేనే చెప్పాను, గేటు వేశాక గడియ కిందికి నొక్కమని. వాళ్ళు "సరేనమ్మా" అన్నారు. అంతే. ఇన్నాళ్ళూ దీనికా భయపడ్డాను?

మీ మామయ్య గారికి నమస్కారాలు చెప్పు. మాడిన బన్నులు పల్లీకి మామూలువాటికంటే ఇష్టం.

వచ్చాక నీళ్ళు తాగి పడుకుంటుంది. అయినా అలవాటు పోలేదు. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి లేచి వెళ్ళి గడియ మీద ముక్కు పెడుతుంది. మొదటి రెండు రోజులూ నాకు తెలియకుండానే దాటేసింది, దశరథరామయ్య గారు పట్టుకొచ్చి ఇచ్చారు. ఆయన మళ్ళీ అదే ప్రశ్న అడిగారు, నువ్వు అడిగినదే. నాన్న అప్పుడే కొట్టు నుంచి వచ్చారు. ఆయన ఎప్పుడూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. చెప్పులు విప్పి, నా కుర్చీ ఎత్తుకుని, వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి తీసుకెళ్ళి వేశారు. "ఇక్కడ కూర్చోమ్మా" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఇప్పుడు గేటు నాకు కుడివైపు ఉంది. గడియ కదిలితే ఎంత చప్పుడవుతుందో! చదువుతున్న వాక్యం మధ్యలోనైనా వినపడుతుంది. "పల్లీ" అంటాను, తల ఎత్తకుండా. అది వెనక్కి వచ్చి పాదం మీద గడ్డం పెడుతుంది. నాలుగు రోజులుగా ఒక్కసారి కూడా గేటు దాటలేదు.

స్కూల్లో గోడ పక్క సీటు నీకు ఒక్కరోజు కూడా ఇవ్వలేదని రాశావు. ప్రేమకుమారి కనిపిస్తే చెప్పు, అది పొగరు కాదు, పుస్తకమూ కాదు. నాకు ఎడమ చెవి చిన్నప్పటి నుంచీ వినపడదు.

లహరి